పోయి వచ్చెదను



మన తెలుగు ఇండ్లలో గడప దాటువారు "పోతాను" అని చెప్పరు. అట్లు చెప్పినయెడల పెద్దలు వెంటనే నోరు మూయింతురు. "పోయి వస్తాను" అని చెప్పవలెను. పోవుటయు తిరిగి వచ్చుటయు ఒక్క మాటలోనే ఇమిడియుండవలెనని మన పూర్వులు ఏర్పరచిన మర్యాద అది. చుట్టమునకు ఈ మర్యాద చేయుదుము. పొరుగింటిలో జల్లెడ అడుగుటకు పోయి మరలినప్పుడు సహితము చేయుదుము. మన ఇంటిలోని మూడేండ్ల బిడ్డకు మాత్రము చేయము. ఆ బిడ్డ కోడిపిల్లలను చూచుచుండగా తల్లి దొడ్డివాకిట వెళ్లిపోవును.

ఈ సంగతినిగూర్చియే మీతో మాటలాడగోరుచున్నాను. బిడ్డ ఏడుపు మాన్పుటకై తల్లి అతనితో అబద్ధమాడవచ్చునా? వాడు చూడనప్పుడు తప్పించుకొని పనికి పోవచ్చునా? ఇది వంటింటి ముచ్చట, దీనిలో వేదాంతమేమున్నదని కొందరు అనుకొనవచ్చును. కొంచెము ఓర్చుకొని చదువుడి.

పనికి పోవు తల్లులు మన సీమకు క్రొత్తవారు కారు. వేరుశెనగ చేనిలో కలుపు తీయు తల్లి చింతకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి, సాలు చివరకు వచ్చినప్పుడెల్ల బిడ్డను తొంగిచూచెడిది. ధర్మవరములో పట్టుచీరలు నేయు ఇండ్లలో తల్లి రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టుచుండగా, బిడ్డ ఆమె వీపు పట్టుకొని నిలుచుట నేర్చుకొనెడివాడు. ఆ పనులలో సుఖము లేదు, కూలియు స్వల్పమే; వాటిని పొగడుటకు ఈ మాట వ్రాయుటలేదు. అయితే తల్లి కన్ను బిడ్డమీద ఉండెను, బిడ్డ కన్ను తల్లిమీద ఉండెను.

ఇప్పుడు మరమగ్గములు వచ్చి చేతిమగ్గముల పని తగ్గిన ఇండ్లు అనేకములు. మన వానలను నమ్మి సంసారము నడపుట ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. హిందూపురము చుట్టుపట్ల గార్మెంట్సు ఫ్యాక్టరీలు వెలసినవి. పెనుకొండ యొద్ద కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో పని ఆరంభించెను; దాని వెంబడి విడిభాగముల కంపెనీలును వచ్చెను. తెల్లవారుచుండగానే పల్లె మొగదలలో కంపెనీ బస్సు నిలిచి హారను కొట్టును. ఈ మూడు పట్టణములు 2022లో అనంతపురము జిల్లానుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి గదా. జిల్లా పేరు మారుటకంటె ఆ బస్సు హారనే మన ఇండ్లను ఎక్కువగా మార్చినదని నా తలంపు. పని మారినందున తల్లి కన్నుమరుగు కావలసివచ్చినది. బిడ్డకు తెలిసిన మార్పు ఇదొక్కటే.

తల్లి పనికి పోవుటయే తప్పని అను పెద్దలు మన సంఘములలో ఇంకను కొందరున్నారు. వారు సామెతల గ్రంథము 31వ అధ్యాయమును మరల చదువవలెను. అక్కడి గుణవతి చీకటి యుండగానే లేచును, నూలు వడకును, నేసినదానిని వర్తకులకు అమ్మును. మోషే తల్లియైన యోకెబెదు తన బిడ్డకు పాలిచ్చుటకే ఫరో కుమార్తె యొద్ద జీతము పుచ్చుకొనెను. కావున ఆ వాదమును ఇక్కడ సాగదీయను. ఒక ఇంటికి ఆ జీతము ఎందుకు అవసరమో ఆ ఇంటివారికి తెలియును. పోవుటనుగూర్చి కాదు, పోవు విధమునుగూర్చి నేను అడుగుచున్నాను.

హిందూపురము వైపు ఒక పల్లెలో ఒక సహోదరి యున్నది. భర్త బెంగుళూరులో కట్టడపు పని చేయుచు నెలకొకసారి వచ్చును. ఆమె గార్మెంట్సులో హెల్పరుగా చేరెను. పిల్లవానికి నాలుగేండ్లు నిండలేదు. "వాడు నిద్ర లేవకముందే పోమ్మా, లేచి చూస్తే యాగీ చేస్తాడు" అని అత్త చెప్పెను. వాడు లేచిన దినమున "అంగడికి పోయి బిస్కెట్లు తెస్తా నాయనా" అని చెప్పి ఆమె బస్సెక్కెడిది. ఇరువది దినములు ఇట్లు జరిగెను. ఉదయమున ఏడుపు వినబడదాయెను. పిల్లవాడు అలవాటుపడెనని అందరును సంతోషించిరి.

అయితే సాయంకాలము ఆమె ఇల్లు చేరినది మొదలుకొని వాడు ఆమెను విడువడాయెను. కొళాయికి పోయినను వెంట, పొయ్యి యొద్ద కూర్చున్నను వెంట, స్నానమునకు పోయిన తలుపు బయట. రాత్రి ఆమె కొంగు చివరను తన మణికట్టుకు చుట్టుకొని పండుకొనును. ఆమె ప్రక్కకు ఒత్తిగిలినను "యాడికి పోతాండావు మా?" అని ఉలికిపడి లేచును. ఆమె భయపడి, "అయ్యగారూ, వీనికి గాలి ఏమన్నా సోకిందేమో, ప్రార్థన చేయండి" అని నా యొద్దకు వచ్చెను. ప్రార్థన చేసితిని. ఇది గాలి కాదమ్మా, వాడు నిన్ను కావలి కాయుచున్నాడు అని కూడ చెప్పితిని. ఎప్పుడు మాయమగునో తెలియని సొత్తునకు ఎవడైనను రాత్రింబవళ్లు కావలి ఉండడా?

ఈ విషయములో ఇంగ్లండు దేశపు వృత్తాంతము ఒకటి మనకు ఉపయోగపడును. అక్కడి ఆసుపత్రులు చాలవాటిలో ఒకప్పుడు చిన్నపిల్లలను చేర్చుకొని తల్లిదండ్రులను బహు అరుదుగా మాత్రమే లోనికి రానిచ్చెడివారు. తల్లి వచ్చినప్పుడు బిడ్డ ఏడ్చును, రానప్పుడు ఊరకుండును గనుక రాకుండుటయే బిడ్డకు మేలని వారి లెక్క. జేమ్స్ రాబర్ట్‌సన్ అను ఆయన 1952లో ఒక చలనచిత్రము చూపించెను. రెండున్నర ఏండ్లు ఇంకను నిండని ఒక పాప ఎనిమిది దినములు ఆసుపత్రిలో ఉన్న కథ అది. ఆ పాప పెద్దగా అల్లరి చేయదు. అయితే ఆమె ముఖము చూచినవారికి ఆ నెమ్మది నెమ్మది కాదని తెలిసెను. మొదట అనేక వైద్యులు కోపపడిరి గాని 1959లో ప్రభుత్వమునకు సమర్పింపబడిన ప్లాట్ నివేదిక తల్లిదండ్రులను అడ్డులేకుండ రానీయవలెనని సిఫారసు చేసెను. ఏడుపు లేదు గనుక బాధ లేదని అనుకొనుట పెద్దలకు సులభమైన లెక్క. ఆ పాప అయినను రాత్రియు పగలును ఆసుపత్రిలోనే ఉండెను. మన తల్లులు ప్రతి సాయంకాలమును తిరిగి వచ్చుచున్నారు. ఈ భేదమును మరచి ఈ వృత్తాంతముతో పనికి పోవు తల్లిని కొట్టువాడు నా మాటను వంకరత్రిప్పుచున్నాడు.

ఇప్పుడు లేఖనమునకు రండి. మన ప్రభువు తన శిష్యులను విడిచి పోవలసిన రాత్రి వచ్చెను. వారు దుఃఖపడుదురని ఆయన యెరుగును. వారు నిద్రించుచుండగా నిశ్శబ్దముగా వెళ్లుట ఆయనకు అసాధ్యమా? ఆయన అట్లు చేయలేదు. యోహాను సువార్త 13వ అధ్యాయములో ఆయన వారిని పిల్లలారా యని పిలిచి, తాను పోవుచున్న సంగతిని ముందుగానే తెలిపెను. వారి హృదయములు దుఃఖముతో నిండుటయు చూచెను, ఆ దుఃఖమును చూచి మాటను మార్చుకొనలేదు. వారిని దిక్కులేనివారినిగా విడువననియు, తిరిగి వచ్చెదననియు చెప్పెను. కొంచెము కాలమని ఆయన చెప్పినప్పుడు, ఆ కొంచెము కాలమనగా ఏమో తమకు తెలియుటలేదని వారు ఒకరితో ఒకరు చెప్పుకొనిరి. ఆ మాట చదివినప్పుడెల్ల అంగన్‌వాడీ పిల్లలు నా కన్నులముందు నిలుచుదురు. "బిరీన వస్తా" నని తల్లి చెప్పిన, ఆ బిరీన ఎంతయో వారికేమి తెలియును?

మన భాషలో నమ్మిక అను మాట తల్లిని నమ్ముటకును దేవుని నమ్ముటకును ఒక్కటే. కనబడనివారి మాట నిలుచునని ఉండుటయే నమ్మిక. ఆ పని బిడ్డ మొదట దేవునియెడల చేయడు, అమ్మయెడల చేయును. అమ్మ వస్తానన్నది, కనబడలేదు, సాయంకాలము వచ్చినది. మరునాడు మరల వస్తానన్నది, వచ్చినది. ఇట్లు రెండువందల దినములు జరిగిన బిడ్డకు ఆదివారపు బడిలో మనము దేవుని వాగ్దానమని చెప్పినప్పుడు ఆ మాట అంటుకొనుటకు లోపల ఒక చోటుండును. బిస్కెట్లు తెస్తానని చెప్పి పది గంటలు రాని అమ్మ బిడ్డకు ఏ చోటున్నది? తిమోతి నమ్మకము అతని అవ్వయైన లోయిలోను తల్లియైన యునీకేలోను మొదట వసించినదని పౌలు వ్రాసెను. తిమోతి గద్దింపులవలన నేర్చుకొనెనని వ్రాయలేదు.

"అయ్యగారూ, చెప్పి పోతే వాడు కాలు పట్టుకొంటాడు, బస్సు పోతాది, ఒకపూట జీతం పోతాది" అని తల్లులు అందురు. న్యాయమైన మాట. అందుచేత బస్సు నిలిచినప్పుడు చెప్పకుడి. ముందటి రాత్రి అన్నము తినిపించుచు చెప్పుడి. ఉదయమున కాసేపు ముందుగా లేపి, ముఖము కడిగి, ఒడిలో కూర్చుండబెట్టుకొని రెండు మాటల ప్రార్థన చేసి, "పోయొస్తా" అని వాని కన్నులలోనికి చూచి చెప్పుడి. పిదప తిరిగి చూడక పొండి. గడియారము వానికి తెలియదు గనుక వానికి తెలిసిన గురుతులు చెప్పుడి: అంగన్‌వాడీలో గ్రుడ్డు తిందువు, పండుకొని లేతువు, తాత ఎనుమును తోలుకొని వచ్చును, అటుతరువాత నేను వచ్చెదను. ఓ.టి. ఉండు దినములు ఉన్నవి గనుక గంట చెప్పి మాట ఇయ్యకుడి; చీకటిపడినను వస్తానని చెప్పుడి. వాడు ఏడ్చును. ఏడ్వనిండి. ఆ సహోదరి కుమారుడు పదునైదు దినములు ముందటికంటె ఎక్కువగా ఏడ్చెను, అత్త నన్ను తిట్టుకొనెను కూడ. తరువాత కొంగు విడిచెను. సోమవారములు మాత్రము ఇప్పటికిని ఏడ్చుచునే యున్నాడు, ఆదివారమంతయు తల్లి ఇంట నుండును గనుక.

ఇంట నుండు అవ్వలతో ఒక మాట. "ఏడిస్తే మీయమ్మ రాదు పో" అని బెదరించుట మన ఇండ్లలో ఎంత మామూలో! అవ్వా, నీవు అలసియుందువు, నీ మోకాళ్లు నొచ్చును. పగలంతయు ఆ బిడ్డను మోయునది నీవే, దానికి ఎవరును జీతమియ్యరు. అయినను ఆ ఒక్క మాట మానుము. తల్లి ఉదయమున కట్టినదానిని ఆ మాట మధ్యాహ్నమునకే కూల్చును.

1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకము మూలముగా మన పల్లెలకు అంగన్‌వాడీలు వచ్చినవి. మూడేండ్లు మొదలు ఆరేండ్లవరకు బిడ్డలు అక్కడ ఆటపాటలు నేర్చి వేడి అన్నము తిందురు. అయితే తల్లి షిఫ్టు అంతకు ముందే ఆరంభమై, అది మూసిన తరువాత ముగియును. ఫ్యాక్టరీలలో బిడ్డలకు శిశుగృహముండవలెనని 1948 నాటి చట్టమే చెప్పెను. 2017 సవరణ దానిని 50 మందియైనను అంతకు మించియైనను పనివారున్న సంస్థలకు విధించి, దినమునకు నాలుగుమారులు తల్లి బిడ్డను చూచివచ్చుటకు సెలవిచ్చెను. మన స్త్రీలలో ఈ సంగతి తెలిసినవారు కొద్దిమంది. తెలిసినను, నిలుచుటకైన చోటులేని బస్సులో నిద్రమొగపు బిడ్డను ఎట్లు తీసికొనిపోవుట? అడుగవలసినవారు నలుగురు కలిసి అడుగవలెను. సంఘము వారితో నిలువవలెను.

హన్నాను మనము తరచుగా తప్పుగా బోధింతుము. బిడ్డను మందిరములో విడిచిన త్యాగమూర్తి యని చెప్పి ఊరకుందుము. ఆ కాలమున బిడ్డలు పాలు విడుచుట మూడేండ్ల ప్రాయమునందని పండితులు చెప్పుదురు. అనగా సమూయేలు మన అంగన్‌వాడీ పిల్లల యీడువాడు. ఆ తరువాతి అధ్యాయములో ఒక చిన్న మాట యున్నది: ఆమె యేటేట అతనికి చిన్న అంగీ ఒకటి కుట్టి షిలోహునకు తెచ్చెడిది. అనగా ఆమె మరల మరల వచ్చెను, కొలత తెలిసి వచ్చెను. చూడని బిడ్డకు ఏడాదికి ఎంత పెరిగియుండునో ఊహించి కుట్టవలెను గదా. ఆ అంగీ కుట్టుచున్న దినములలో ఆమె మనస్సు ఎక్కడ ఉండెనో తల్లులు చెప్పవలెను, నేను చెప్పలేను.

బెంగుళూరునకో గల్ఫు దేశములకో ఇంటిపనికి పోయిన తల్లులుకూడ మన సంఘములలో ఉన్నారు. వారి పోయివచ్చెదను అను మాట సాయంకాలమున తీరునది కాదు. వారికి సులభమైన మాట నా యొద్ద లేదు. ఫోనులో "రేపు వస్తా" నని చెప్పకుడి అని మాత్రము బతిమాలుచున్నాను. క్రిస్మసుకు వత్తునన్న క్రిస్మసుకనియే చెప్పుడి. రాలేనియెడల ఆ మాటయు బిడ్డకు మీ నోటనే చెప్పుడి.

మన స్త్రీల కూటము చాల సంఘములలో బుధవారము పగటివేళ జరుగుచున్నది. గార్మెంట్సుకు పోవు సహోదరీలు రాలేదని రిజిస్టరులో ఆబ్సెంటు వేయుచున్నారు. దానిని ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే పెట్టుటకు ఏమి అడ్డు? ఆరాధనలో ఆ పిల్లలు తల్లి ఒడి విడువక కూర్చుండినయెడల వారిని లాగి ముందు చాపమీద కూర్చుండబెట్టవద్దని మా పెద్దలకు చెప్పియున్నాను. వారమునకు వారికి దొరకు పగలు అది ఒక్కటే.