దప్పిక ఎవరిది?



జర్మనీలోని మన తెలుగు సహవాసాలంటే ఒకప్పుడు ఎక్కువగా విద్యార్థులూ, నాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ. ఇప్పుడు ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర నర్సు సహోదరీల మాటలు కూడా వినబడుతున్నాయి. కొందరు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా, మరికొందరు ఏజెన్సీల ద్వారా వచ్చారు. జర్మన్ భాష బీ2 దాకా నేర్చుకుని, అనెర్‌కెన్నుంగ్ కాగితం చేతికి వచ్చేదాకా ఓపిక పట్టి, ఇక్కడి వార్డుల్లో రాత్రి డ్యూటీలు చేస్తున్నారు. వాళ్ల మాటల్లో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "చివరి ఘడియల్లో ఉన్న మనిషికి సెలైన్ ఆపమని డాక్టర్ రాశారు. ఆపింది మాత్రం నా చెయ్యి. దప్పిగొన్నవారికి దాహమివ్వమన్న ప్రభువుకు నేనేం జవాబు చెప్పాలి?"

ఇది నర్సులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న అనుకోకండి. గుంటూరులోనో ఖమ్మంలోనో ఆస్పత్రి మంచం మీద అమ్మ ఉంటే, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫోన్ చేసి "కనీసం సెలైన్ అయినా పెట్టించండి" అని మనలో ఎంతమందిమి అనలేదు? నేను డాక్టరును కాను, పాస్టరును కాను. అయినా ఈ ప్రశ్నను వాక్యం వెలుగులో, తెలిసిన వాస్తవాలతో కలిపి మీతో ఆలోచించాలని రాస్తున్నాను.

ముందుగా, సెలైన్ దేవుడు మనిషికిచ్చిన గొప్ప మేలు అని ఒప్పుకుందాం. 1832లో కలరా బ్రిటన్‌ను పట్టి పీడిస్తున్నప్పుడు, స్కాట్లాండ్‌లోని లీత్‌లో థామస్ లట్టా అనే వైద్యుడు ఉప్పు కలిపిన నీటిని రోగుల నరాల్లోకి ఎక్కించాడు. మొదట ఎక్కించిన వృద్ధురాలు కోలుకున్నట్టే కోలుకుని, కొన్ని గంటల్లో చనిపోయింది. తర్వాత కొందరు బ్రతికారు. వాంతులు, విరేచనాలతో ఒళ్లంతా ఎండిపోయి నోటితో ఏమీ నిలవని మనిషికి, రక్తస్రావమైన తల్లికి, ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నవాడికి ఆ సీసా ప్రాణాధారం. అలాంటి వేళ సరైన నరం దొరికించుకుని సూది పెట్టే సిస్టర్, మత్తయి 25వ అధ్యాయంలో ప్రభువు మెచ్చుకున్నవారి వరుసలోనే నిలబడుతుంది. ఇందులో సందేహం లేదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, అదే సీసా మనకొక నమ్మకంగా మారినప్పుడు. మన ఊళ్లలో కాస్త నీరసంగా ఉంటే చాలు, ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి "ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి" అంటాం. ఎక్కించకపోతే ఆయనకు వైద్యం రాదంటాం. అందులో ఏముందో చూడండి. అర లీటరు 5 శాతం గ్లూకోజ్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు. రెండు ఇడ్లీల పాటి శక్తి. ఇక మామూలు సెలైన్ లీటరుకు 9 గ్రాముల ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తాగగలిగినవాడికి తాగడమే మేలు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ నిల్వలు అయిపోతుంటే, బనగాఁవ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్లు తాగించి వేలమందిని కాపాడాడు. ఇవాళ మనం ఓఆర్‌ఎస్ అంటున్నది దాన్నే. ఆయన చనిపోయాక, 2023లో మన దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఇక్కడ జర్మనీలో ఇదే నమ్మకం ఖరీదైన బట్టలు వేసుకుంది. బెర్లిన్, మ్యూనిక్ లాంటి నగరాల్లో మెత్తని కుర్చీలో కూర్చోబెట్టి, విటమిన్లు కలిపిన సెలైన్ ఎక్కించే చోట్లున్నాయి. పార్టీ తర్వాత అలసట, ఆఫీసు ఒత్తిడి, మెరిసే చర్మం, ఇలా రకరకాల పేర్లు. ఒక్కసారికి నూరు యూరోలు దాటడం మామూలే. వార్డు పనితో నడుం విరిగిన నర్సుకు అక్కడి ఉద్యోగం ఊరటగా కనబడడం సహజం. రాత్రి డ్యూటీ లేదు, చావులు లేవు. అలాంటి పని చేసే సహోదరిని తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. డాక్టర్ రోగిని చూసి రాసినప్పుడు, జరగబోయేది నిజంగా చెప్పినప్పుడు అది నిజాయితీగల పనే. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎక్కించిన నీరు చాలావరకు మూత్రంగా బయటికి పోతుందని తెలిసి కూడా, అది ప్రాణం పోస్తుందని నమ్మించి అమ్మితే? 2024 చివర్లో సెలైన్ కొరత వచ్చి, జర్మనీ ఆస్పత్రులు సీసాలు లెక్కపెట్టుకుని వాడాల్సి వచ్చింది. అలాంటప్పుడు దాహం లేనివాడి చేతికి కట్టిన సీసా గురించి మన మనస్సాక్షి ఏమంటుంది? బేత్లెహేము బావి నీళ్లు తాగాలని దావీదు ఆశపడితే, ముగ్గురు తమ ప్రాణాలకు తెగించి తెచ్చారు. దాని వెల తెలిశాక ఆయన తాగలేకపోయాడు. కోరికకూ అవసరానికీ మధ్య గీత ఆయనకు కనబడింది.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన చోటికి వద్దాం. మరణానికి దగ్గరైన మనిషి తాగడం తగ్గిస్తాడు. తాగడం మానేయడం వల్ల చనిపోతున్నాడని మనకు అనిపిస్తుంది. చాలాసార్లు జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. శరీరం పని ముగించుకుంటోంది గనుక నీళ్లు అడగడం లేదు. మూత్రపిండాలు నెమ్మదించాక లోపలికి పంపిన నీరు వెళ్లే దారి లేక కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరితిత్తుల్లో చేరుతుంది, ఆయాసం పెరుగుతుంది. 2013లో హ్యూస్టన్‌లో డాక్టర్ ఎడ్వార్డో బ్రూయెరా బృందం, హాస్పీస్ సంరక్షణలో ఉన్న 129 మంది క్యాన్సర్ రోగుల మీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. కొందరికి రోజుకు లీటరు సెలైన్, కొందరికి 100 మిల్లీలీటర్లు మాత్రమే ఇచ్చారు. బాధల్లో గానీ, బ్రతికిన రోజుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

దీన్నిబట్టి ఎవరికీ పెట్టకూడదని కాదు. వాంతులతో నీరసించినవారికి, మందుల వల్ల మతి తప్పినవారికి కొన్నిసార్లు కొద్దిగా ఎక్కిస్తే తేటగా ఉంటుంది. ఇక్కడ వృద్ధులకు తొడ చర్మం కింద నెమ్మదిగా ఎక్కించే పద్ధతి కూడా ఉంది. ఒకట్రెండు రోజులు ప్రయత్నించి, మేలు లేకపోతే ఆపవచ్చు. జర్మన్ వైద్యమండలి తన మార్గదర్శకాల్లో ఒక చక్కటి భేదం చూపించింది. చివరి దశలో ఉన్న మనిషికి నీళ్లు ఎక్కించడం అన్నిసార్లూ తప్పనిసరి కాదు, ఎందుకంటే అది భారం కావచ్చు. కానీ ఆ మనిషికి కలిగే ఆకలిని, దప్పికను తీర్చడం మాత్రం తప్పనిసరి. నీళ్లు వేరు, దప్పిక వేరు.

మా ఉద్యోగాల్లో స్క్రీన్ మీద అంకె పచ్చగా మారితే పని అయినట్టే. సీసా ఖాళీ అయిందా లేదా అన్నది కూడా అలా లెక్కకు దొరుకుతుంది. దప్పిక తీరిందా అన్నది మాత్రం ఆ మనిషి దగ్గర కూర్చుని, పెదవులు చూసి, అడిగితేనే తెలుస్తుంది. నోరు తెరిచి ఊపిరి పీల్చడం వల్ల, మందుల వల్ల నోరు ఎండుతుంది. ఆ ఎండను సెలైన్ తీర్చలేకపోవచ్చు. తడిపిన స్పాంజి పుల్ల తీరుస్తుంది. నాలుక మీద చిన్న మంచు ముక్క, పెదవులకు రాసే మెత్తటి మందు, ఆ మనిషికి ఇష్టమైన రుచి. జర్మన్ తాతగారికైతే ఒక చుక్క కాఫీ, మన అమ్మమ్మకైతే కొబ్బరినీళ్లో పల్చటి మజ్జిగో.

ఇక్కడ సిలువ దగ్గరికి రండి. మొదట ఆయనకు చేదు కలిపిన ద్రాక్షారసం ఇచ్చారు. నోట పెట్టుకొని వద్దన్నాడు. తర్వాత తానే దప్పిక అన్నప్పుడు, తడిపిన స్పంజిని నోటికి అందిస్తే పుచ్చుకొన్నాడు. రెండూ పానీయాలే. ఒకటి వద్దన్నాడు, ఒకటి తీసుకున్నాడు. నిర్ణయించింది ఇచ్చినవారు కాదు, శ్రమపడుతున్న ప్రభువే. ఈ లోకంలో ఆయన శరీరం మరణానికి ముందు చివరిగా అందుకున్నది పెదవులకు తాకిన ఒక తడి స్పంజి. ఆ చిన్న పనిని ఇక తక్కువగా చూడగలమా?

ఇక్కడ మీలో ఒకరు గట్టిగా అడగవచ్చు: "నీళ్లు మందు కాదు. నీళ్లు మానేయడం మనిషిని వదిలేయడమే." ఈ మాటను తేలికగా తీసుకోకూడదు. ముఖ్యంగా ఈ దేశంలో. 1942 నవంబరు 30న బవేరియా ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుతో అక్కడి మానసిక ఆస్పత్రుల్లో పనికిరానివారని ముద్ర వేసినవారికి ఆహారం కుదించారు. ఎంతోమంది ఆకలితో చనిపోయారు. ఆ వార్డుల్లోనూ నర్సులున్నారు. అందుకే జర్మన్లు ఈ విషయం మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడతారు. కానీ తేడా గమనించండి. ఆ రోగులు మరణశయ్య మీద లేరు. వాళ్లకు ఆకలి వేసింది, అడిగారు, ఇవ్వలేదు. అడుగుతున్నవాడికి ఇవ్వకపోవడం పాపం. ఇక అడగని శరీరంలోకి మన భయం తీరడానికి నీళ్లు నెట్టడం వేరు. ఏళ్లతరబడి స్పృహ లేకుండా ఉండి, మరణానికి దగ్గర పడని మనిషి సంగతి మరీ వేరు. దాని గురించి సంఘాల మధ్యే భిన్నాభిప్రాయాలున్నాయి.

కాబట్టి సెలైన్ పెట్టే ముందు, ఆపే ముందు కూడా మనం అడగాల్సిన ప్రశ్న ఇదని నాకు అనిపిస్తోంది: ఈ దప్పిక ఎవరిది? మంచం మీద ఉన్నవారిదా, చుట్టూ నిలబడ్డ మనదా? దూరదేశంలో ఉండి సమయానికి వెళ్లలేకపోయిన కొడుకు బాధ నిజమైన దప్పికే. దానికి ఓదార్పు కావాలి. అది అమ్మ నరంలోకి ఎక్కించాల్సింది కాదు. ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టమని అడగండి. ప్రార్థన చేయండి, ఆమెకు ఇష్టమైన కీర్తన పాడండి.

నర్సు సహోదరీలారా, డాక్టర్ ఉత్తర్వు మీద సీసా ఆపినప్పుడు మీ పని ముగిసిపోలేదు. అక్కడి నుంచి మీ అసలు సేవ మొదలవుతుంది. మేలు లేదనిపించినా పెట్టమన్నప్పుడు, బాధ కనబడుతున్నా ఆపమన్నప్పుడు, "ఎందుకు?" అని మర్యాదగా అడిగే ధైర్యం కోసం ప్రార్థించండి.

మిగతావారమూ ఒక పని చేయవచ్చు. బాగున్నప్పుడే మన ఇష్టాన్ని రాసి పెట్టుకుందాం. జర్మనీలో పత్సియెంటెన్‌ఫెర్‌ఫ్యూగుంగ్ అనే పత్రానికి చట్టబలం ఉంది. భార్యాభర్తలకు 2023 జనవరి నుంచి అత్యవసరంలో ఆరు నెలల వరకు ఒకరి తరఫున ఒకరు నిర్ణయించే హక్కు వచ్చింది. తల్లిదండ్రుల విషయంలో పిల్లలకు ఆ హక్కు దానంతటదే రాదు, ముందే అధికారపత్రం రాసివ్వాలి. ఇక్కడి ప్రొటెస్టెంట్, కాథలిక్ సంఘాలు కలిసి క్రైస్తవులకోసం ఒక నమూనా పత్రం కూడా తయారుచేశాయి. మన దేశంలోనూ సుప్రీంకోర్టు 2018లో ఇలాంటి పత్రాన్ని గుర్తించి, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్నగారిని కూర్చోబెట్టి అడగండి. అడగడానికి నోరు రాదు, నిజమే. కానీ ఆయన మాట మనకు తెలిసి ఉంటే, ఆ రోజున మన భయం ఆయన తరఫున మాట్లాడదు.

జీవజలమిచ్చు ప్రభువు, ఎదుటివారి దప్పికను గుర్తుపట్టే కళ్లను మనకు దయచేయును గాక. ఆమేన్.