అందఱి కొఱకు విడిచిన నేల

పట్టణపు పొలిమేరలలో పొలమును ఇండ్లస్థలములుగా విడదీసి విక్రయించువారు ముందుగా మన చేతి కిచ్చునది ఒక రంగుల పటము. అందు ప్లాట్లు పసుపుపచ్చగను, బాటలు బూడిదవన్నెగను, ఒక మూల ఒక చిన్న ముక్క ఆకుపచ్చగను ఉండును. ఆ ఆకుపచ్చ ముక్కయే నేటి మా విచారమునకు విషయము. చదువరులలో స్థలము కొన్నవారును, కొనదలచినవారును పెక్కుమంది యుందురు. తమ ప్లాటు సంఖ్య నెఱుగనివారు వారిలో నొక్కరును ఉండరు. కాని ఆ ఆకుపచ్చ ముక్క యెక్కడ నున్నదో, నేడది యెవరి వశమున నున్నదో చెప్పగలవా రెందఱు?

చట్టము మాట ముందు చెప్పుదము. లేఔటు వేయువాడు తన నేలలో నూటికి 10 పాళ్లు ఖాళీస్థలముగా విడువవలెనని ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములలోని నియమములు విధించుచున్నవి. గ్రామపంచాయతీల పరిధిలోని లేఔట్లకు 2002 సంవత్సరపు నియమములలోనే ఈ నిబంధన కలదు. బాటలను, ఈ ఖాళీస్థలమును వెల పుచ్చుకొనక దానపత్రము వ్రాసి స్థానికసంస్థకు అప్పగింపవలెను. రాజ్యాంగమునకు 1992లో జరిగిన 74వ సవరణచే చేరిన 12వ షెడ్యూలున ఉద్యానములును ఆటస్థలములును మునిసిపాలిటీల కప్పగింపదగిన పనులలో పేర్కొనబడినవి. కాగితము మీద లోపము లేదు.

ఈ పదియవపాలు ఎంత నేలయో ఒకసారి లెక్క చూచుట మంచిది. 10 ఎకరముల లేఔటనగా 48,400 గజములు. అందు ఖాళీస్థలము 4,840 గజములు. బాటలకు నూటికి 30 పాళ్లు పోవుననుకొన్నచో ప్లాట్లకు మిగులునది 29,040 గజములు. అనగా 200 గజముల ప్లాట్లు 145. ఇంటికి నలుగురు చొప్పున 580 మంది. మనిషికి వచ్చునది 8 గజములకు కొంచెము పైన. ఆ యిండ్లే మూడంతస్తులై అద్దెకుండువారు చేరినప్పుడు మనిషికి 3 గజములైనను రావు. ఒక నులకమంచము వాల్చుటకు సరిపోవును. దీనినే కొందఱు మితిమీరిన భారమని వాదించుచున్నారు.

వారి వాదమును మేము తేలికగా త్రోసిపుచ్చము. "నేల నాది. రైతునకు ధర చెల్లించి కొంటిని. అందు పదియవపాలు ఊరికే యిమ్మనుటకు మీకేమి హక్కు?" అని విక్రయించువాడు అడుగును. న్యాయమైన ప్రశ్నయే. కాని అతడు నిజముగా ఊరికే యిచ్చుచున్నాడా? విడిచిన నేల వెలను మిగిలిన గజములపై పంచి ధర నిర్ణయించుట ఆ వ్యాపారమున ఎవరును ఎఱుగని రహస్యము కాదు. ఉద్యానమునకు ఎదురుగా నున్న ప్లాటునకు గజమునకింత యని అదనముగా పుచ్చుకొనుటయు మన మెఱిగినదే. కావున దానపత్రము మీద సంతకము ఒకనిది, దాని వెల మోసినవారు వేఱొకరు. ఆ వేఱొకరికి తాము దాతలమన్న సంగతియే తెలియదు. తెలియని దాతలు తమ దానమేమైనదని అడుగరు. ఈ వ్యవహారమందలి చిక్కంతయు ఇక్కడనే పుట్టినదని మా యభిప్రాయము.

ఇంతకును ఇది దానమేనా? మన ధర్మశాస్త్రకారులు ఈ విషయమున సూక్ష్మమైన భేద మొకటి చూపిరి. దానమనగా తన స్వత్వమును వదలుకొని మఱియొకని స్వత్వమును కలిగించుట; అందు పుచ్చుకొనువా డొకడుండవలెను, పుచ్చుకొన్న పిమ్మట అది వానిది. చెఱువు త్రవ్వించి, తోట నాటించి సర్వభూతముల కొఱకు విడుచుట అట్టిది కాదు. దానికి ఉత్సర్గమని పేరు. అందు విడుచువాని స్వత్వము పోవును గాని, ప్రత్యేకముగా ఏ యొక్కనికిని స్వత్వము కలుగదు. అందుచేతనే విడిచినవాడును ఆ చెఱువులో స్నానము చేయవచ్చును. అతడును సర్వులలో నొకడు గదా! ఇచ్చిన గోవు పాలను దాత పితుకుకొనరాదు. త్రవ్వించిన చెఱువు నీరు మాత్రము త్రాగవచ్చును. లేఔటులోని ఖాళీస్థలము ఈ రెండవ జాతికి చెందినది. మన కచేరీలు దానిని మొదటి జాతిలో చేర్చి, దానపత్రమని పేరు పెట్టి, పుచ్చుకొన్న సంస్థ దాని యజమాని యన్న భ్రమకు తావిచ్చినవి. యజమాని యైనవాడు అమ్మవచ్చును, మార్చవచ్చును, తన యిష్టులకు ఒసగవచ్చును. కాపరికి ఆ హక్కు లేదు.

ఈ భేదము పండితుల మాట మాత్రమే కాదు. బెంగుళూరులో రాజమహల్ విలాస్ విస్తరణమున ఉద్యానమునకు ప్రత్యేకించిన స్థలమును ఒక ప్రైవేటు ఆసుపత్రి కట్టుటకు కేటాయించిరి. ఆ చోటి నివాసులు న్యాయస్థానమున కెక్కిరి. ఆసుపత్రియు ప్రజలకు మేలు చేయునదే గదా యన్న వాదమును సుప్రీంకోర్టు 1991లో అంగీకరింపలేదు. ప్రజలందఱికి చెందిన బహిరంగస్థలమును ప్రైవేటు ప్రయోజనమునకు మార్చు అధికారము ఆ సంస్థకుగాని ప్రభుత్వమునకుగాని లేదని తీర్పు వెలువడెను. ఢిల్లీ కార్పొరేషనునకు చెందిన మఱియొక వ్యాజ్యమున (ఇది 1995 నాటి న్యాయనివేదికల కెక్కినది) ప్రశ్న తలక్రిందులుగా వచ్చినది. చట్టమున స్పష్టమైన విధి లేక, ఖాళీస్థలముల యాజమాన్యమును ఉచితముగా తనకు బదిలీ చేయుమని కార్పొరేషను అడుగజాలదని అందు నిర్ణయమైనది. అయినను, ఉద్యానమని పటమున చూపిన తరువాత యజమాని దానిని ప్రజల కొఱకు పట్టియుంచిన ధర్మకర్త మాత్రమే యగునని న్యాయమూర్తులు చెప్పిరి. కాగితమున పేరు ఎవరిదైనను ధర్మకర్తృత్వమే మిగులును. శాస్త్రకారులు ఉత్సర్గమని చెప్పిన దానికిని దీనికిని ఎంత దూరము?

ఇక డబ్బు సంగతి. అనుమతి లేక వేసిన లేఔట్లు వేలకొలది యున్నవి. అందు ప్లాట్లు కొన్నవారు చాలవఱకు చిన్న యుద్యోగులు, చిన్న వర్తకులు, మోసపోయినవారు. వారిని దండించుట న్యాయము కాదని క్రమబద్ధీకరణ పథకములు పుట్టినవి. 2020లో తెలంగాణమున వెలువడిన నియమముల ప్రకారము, 10 పాళ్ల ఖాళీస్థలము లేని లేఔటులోని ప్లాటుదారుడు తన ప్లాటు విలువలో నూటికి 14 పాళ్లు ఖాళీస్థలమునకు బదులుగా చెల్లింపవలెను. దీనిని మేము పూర్తిగా నిందింపలేము. కట్టిన యింటిని కూల్చి ఉద్యానము వేయుడని ఎవ రనగలరు? కాని చెల్లించినవాడు "నా ఋణము తీరినది" అనుకొనుటయు, పుచ్చుకొన్నవాడు "లోటు పూడినది" అనుకొనుటయు మాకు సమ్మతము కాదు. బొక్కసమునకు చేరిన సొమ్ముపై ఏ పిల్లవాడును పరుగెత్తలేడు. ఆ సొమ్ముతో ఆ వీథికి నడచిపోదగినంత దూరమున నేల కొన్ననాడే అది బదులగును. వేఱొక పనికి వెచ్చించిన నాడు అది అనుమతి పత్రపు వెల మాత్రమే.

విడిచిన నేల విషయమునను తృప్తి చెందుటకు వీలు లేదు. ఏ నేల విడిచిరి? మేము చూచిన పటములలో తఱచుగా అది మూలకు మిగిలిన త్రికోణము, వానకు నీరు నిలుచు పల్లము, విద్యుత్తీగెల క్రింది పట్టె. నూటికి 10 అన్న లెక్క సరిపోవును. ముసలివాడు అక్కడికి పోలేడు, తల్లి పిల్లను పంపదు. 1914లో మన దేశమునకు వచ్చి మరునాటి యేట మద్రాసు రాజధానిలోని పట్టణములను గుఱించి నివేదికలు వ్రాసిన పాట్రిక్ గెడ్డెస్ పండితుడు పటము గీయుటకు ముందు సందుసందునను నడువవలెనని పట్టుపట్టెడివాడు. ఇండ్లనడుమ నున్న చిన్న ఖాళీని, ఒక చెట్టును ఊరిజీవమునకు ఆధారముగా నెంచెను. ఆయన చెప్పినది ఖర్చుతో కూడిన మాట కాదు, నడకతో కూడిన మాట. మన అనుమతులలో ఆ నడకయే లోపించినదని అనుమానము.

ఈ నియమములు పరదేశపు దిగుమతులనువారికి మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమును చూడుమందుము. గ్రామము చుట్టును 100 ధనువులు, అనగా 400 మూరలు, పశువుల కొఱకు బయలుగా విడువవలెననియు, పట్టణమునకు దానికి మూడురెట్లనియు అందున్నది. ఆ బయలులో ఎవడైనను కంచె లేక పైరు వేసికొన్నచో, దానిని పశువులు మేసినను కాపరికి శిక్ష లేదు. అందఱి నేలలో తన పైరు వేసికొన్నవాని నష్టము వానిదే యన్నమాట. కాని ఇంతటితో పొంగిపోరాదు. ఆ స్మృతియే చండాలుల నివాసము ఊరి వెలుపలనని విధించినది. మన రచ్చబండ అందఱిదని పాటగా చెప్పుకొన్నాము గాని, దాని మీద కూర్చుండుటకు అందఱికిని స్వేచ్ఛ యుండెడిది కాదు. పుట్టుక నడుగక లోనికి రానిచ్చు బయలును మన యూళ్లకు తెచ్చినది పూర్వాచారము కాదు, నేటి చట్టము. ఆ విషయమున దానికి ఋణపడియున్నాము. అట్టి చోటికి తాళము వేసి, "కాలనీవాసులకు మాత్రమే" అని పలక కట్టి, పనిమనిషి బిడ్డను ఉయ్యెలనుండి దింపివేయు కావలివానిని పెట్టిన సంఘములు చదువుకొన్నవారివే. స్థానికసంస్థకు అప్పగించిన స్థలమైనచో ఆ కావలివానికి ఎవరిని ఆపు నధికారమును లేదు.

మిక్కిలి కఠినమైన ప్రశ్న వేఱొకటి యున్నది. తలదాచుకొనుటకు గూడు లేనివాడు ఆ ఖాళీలో గుడిసె వేసికొన్నచో? పిల్లల యాటకై వానిని వెడలగొట్టుదమా? 2011లో పంజాబునందలి ఒక గ్రామపు చెఱువు వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఉమ్మడి నేలల నాక్రమించినవారిని తొలగింపుమని రాష్ట్రములన్నిటికి ఆదేశించుచు, భూమిలేని కూలీలకును షెడ్యూల్డు కులములవారికిని ప్రభుత్వ ప్రకటన ననుసరించి యిచ్చిన పట్టాలవంటి వానికి ప్రత్యేకపు మినహాయింపు చూపెను. అది కరుణతో కూడిన వివేకమని మాకు తోచినది. కాని పేదవానికి ఇల్లిచ్చుట ఊరందఱి బాధ్యత. దానిని ఆ వీథి పిల్లల ఆటస్థలము నుండి మాత్రమే తీర్చుట, ఒక పేదవాని కొఱకు మఱియొక పేదవాని బిడ్డ నడుగుట. ఏలయన కలవాని బిడ్డకు రుసుము చెల్లించు ఆటశాలలున్నవి. ఉచితమైన బయలు పోయినప్పుడు మొదట నష్టపోవునది లేనివాడే. అయినను, ఆ గుడిసె వాకిట నిలిచి ఈ వాదమును వినిపించుటకు మాకు నోరు రాదని ఒప్పుకొనుచున్నాము.

నోరు రాని సంగతి వచ్చినది గావున మా స్వానుభవమును దాచము. మేముండు కాలనీలో ఆకుపచ్చ ముక్క యొకటి యుండెను; తుమ్మచెట్లు, నడుమ చదునుగా కొంత నేల. నాలుగేండ్ల క్రిందట అందు కల్యాణమండపము కట్టవలెనని సంఘమువారు తలచిరి. పెండ్లిండ్లకు అద్దె తగ్గును, సంఘమునకు రాబడి వచ్చును అనిరి. కాగితము మా యింటికి వచ్చినది. తరగతిలో సర్వజనహితమును గుఱించి పాఠము చెప్పి యింటికి వచ్చిన సాయంకాలమది. చదువక సంతకము చేసితిమి. 1,000 రూపాయలు చందా కూడ నిచ్చితిమి. ఇరుగుపొరుగువారితో మాటపడుట మాకిష్టము లేకపోయెను. అంతకు మించిన కారణము లేదు.

గడచిన యేడు ఆఱవ తరగతిలో "మా ఆటస్థలము" అను విషయముపై వ్యాసము వ్రాయుమంటిమి. మా కాలనీ బాలు డొకడు వ్రాసినది చిన్నది. రెండు కరెంటు స్తంభముల నడుమ తాము ఆడుదుమనియు, బండి వచ్చినప్పుడు "బండి" అని కేకవేయుట వరుసగా ఒక్కొక్కరి పనియనియు, ఆ దినము కేకవేయువానికి ఆట లేదనియు వ్రాసెను. ఫిర్యాదుగా వ్రాయలేదు, ఆటనియమముగా వ్రాసెను. వానికి నూటికి 80 మార్కులు వేసితిమి. తప్పులు రెండు మాత్రమే దిద్దితిమి.

తరువాత సమాచారహక్కు చట్టము ననుసరించి దానపత్రపు నకలు కొఱకు దరఖాస్తు పెట్టితిమి. నకలు వచ్చినది. నాలుగు హద్దులును స్పష్టముగా నున్నవి. పడమట 30 అడుగుల బాట యని యున్నది. ఇప్పుడు ఆ పడమటి హద్దు మీదనే మండపపు వంటశాల యున్నది. వచ్చు ఆదివారము సంఘపు సమావేశము. అందు ఆ నకలును, దానితో కూడ మా సంతకమున్న పాత కాగితమును చదువుటకు తీసికొని పోవుచున్నాము.