మంచులో పోయిన లింగకాయ

కాశ్మీరమందలి గుల్మార్గు దాదాపు 2,650 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటి మంచువాలులపై స్కీపలకలు కట్టుకొని జారుట నేర్చువారిలో మన బిడ్డలును ఉందురు. పడినప్పుడు శివదారము తెగి, లింగకాయ మెత్తని మంచులో మునిగినచో దొరకుట కష్టము. చలిలో చీకటిపడువరకు వెదకుట ప్రాణాపాయము.

ఇష్టలింగము పోయిన ప్రాణము విడువవలెనను కఠిననియమ మొకటి పూర్వము వినబడుచుండెను. ఆ మాటతో పిల్లలను బెదరింపవలదు. దేహమే దేవాలయమని బోధించిన బసవేశ్వరుని మార్గమున, ఆ దేవాలయమును కూల్చుట భక్తి యెట్లగును? ముందు క్షేమముగా దిగిరావలెను. పిదప గురువును దర్శించి మరల లింగధారణము పొందవలెను. (వెండికాయకై వగచువారును కలరు! దానిని కంసాలి చేసియిచ్చును.) తల్లిదండ్రులు గద్దింపక, బిడ్డవెంట మఠమునకు తామే పోవలెను.