అక్షహృదయం: నేర్పు జూదాన్ని నిర్దోషం చేస్తుందా?

‘జూదము’ సంస్కృత ‘ద్యూత’ శబ్దానికి వికృతి. ఈ ఆటకు తెలుగువారికి సొంతమాట లేకపోలేదు. ‘నెత్తము’ అన్న దేశ్యపదం పాచికలాటకు ప్రాచీన కావ్యభాషలో వాడుకలో ఉన్నదే. అయితే నెత్తము నేడు నిఘంటువులకు పరిమితమైంది, జూదం మాత్రం వాడుకలో నిలిచింది. నిలిచింది కానీ ఆట పేరుగా కాదు, నిందగా. ‘నిన్న రాత్రి జూదమాడాము’ అని తన గురించి తాను చెప్పుకునేవారు అరుదు. పేకాడామంటారు, నాలుగు ముక్కలు వేశామంటారు, పండుగకు కోడిపందేలకు వెళ్లామంటారు, గోవా వెళ్లినప్పుడు మాండోవి నది మీది కాసినో ఓడలో ఒక రాత్రి గడిపామంటారు. ఈ మాటలన్నిటికీ ముందు ‘సరదాకి’ అన్న క్రియావిశేషణం చేరుతుంది. జూదం ఎప్పుడూ ఎదుటివాడు ఆడేదే.

ఈ ‘సరదా’ను తేలికగా కొట్టిపారేయకుండా దాని నైతికస్థితి ఏమిటో చూడాలన్నది ఈ వ్యాసోద్దేశం. సరదా ఆటగాడు వ్యసనపరుడు కాడు. ఇల్లు తాకట్టు పెట్టడు. తనను సమర్థించుకోవలసివస్తే సాధారణంగా రెండు వాదాలు చెబుతాడు. ఇది నేర్పుతో ఆడే ఆట అన్నది మొదటిది. పోగొట్టుకోదగినంతే పట్టుకువచ్చాను, అంతకు మించి ఆడను అన్నది రెండవది. మొదటిదానికి న్యాయస్థానం దన్ను ఉంది. రెండవదానికి లోకానుభవం దన్ను ఉన్నట్లు కనబడుతుంది. ఈ రెండు వాదాలూ భారతకథలో ఇదివరకే పరీక్షకు నిలబడ్డాయని, ఆ పరీక్షను మనం తగినంత శ్రద్ధతో చదవలేదని నా అభిప్రాయం.

ముందుగా న్యాయశాస్త్రం సంగతి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడినందుకు దాఖలైన కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా రాసిన తీర్పు మూడుముక్కలాట వంటిది కాదు రమ్మీ అని తేల్చింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది విడవాలో తెలియాలి, కాబట్టి ఇందులో నేర్పుదే పైచేయి అన్నది అందులోని తర్కం. గుర్రప్పందేలను కూడా 1996లో అదే న్యాయస్థానం నేర్పు కిందికే చేర్చింది. కాలక్రమంలో ఫోనులోని రమ్మీ ఆటలకు 1967 తీర్పే పెట్టనికోట అయింది. అయితే అదే తీర్పులో మరొక మాట ఉంది. ఆట నిర్వహించే ఇల్లుగాని క్లబ్బుగాని ఆ ఆట నుంచి లాభం గడిస్తున్నట్లయితే నేరం రుజువు కావచ్చునన్నది ఆ మాట. ప్రతి పందెంలోనూ తన వాటా మినహాయించుకునే వ్యాపారం పుట్టినప్పుడు ముందుగా గుర్తుకు రావలసిన వాక్యం అదే. వాదప్రతివాదాల్లో వినబడింది మాత్రం ఎక్కువగా మొదటి వాక్యం.

ప్రాచీన శాస్త్రకారులకు నేర్పు, అదృష్టం అన్న విభజన అంత ముఖ్యం కాలేదు. మనువు ప్రాణం లేని వస్తువులతో ఆడేదాన్ని ద్యూతమనీ, ప్రాణులతో ఆడించేదాన్ని సమాహ్వయమనీ విభజించి రెంటినీ రాజ్యం నుంచి తొలగించమన్నాడు. మన కోడిపందెం ఈ రెండవదాని కిందికి వస్తుంది. కౌటిల్యుడు తొలగించమనలేదు. జూదాన్ని ఒకచోటికి చేర్చి, పర్యవేక్షణకు అధ్యక్షుణ్ణి నియమించి, గెలిచిన ధనంలో నూటికి ఐదు వంతులు వసూలు చేయమన్నాడు. గుప్తంగా బతికేవారి జాడ తెలుసుకోవడానికి జూదశాల పనికివస్తుందన్నది ఆయన ఆలోచన. ఒకరిది నిషేధం, ఒకరిది పన్ను. ఆటలో ఆటగాడి ప్రజ్ఞ ఎంత అన్న ప్రశ్న ఇద్దరికీ ప్రధానం కాదు.

ఆ ప్రశ్నను సూటిగా వేసింది శాస్త్రం కాదు, ఇతిహాసం. వ్యాసభారత సభాపర్వంలో ఆట మొదలయ్యే ముందు ధర్మరాజుకూ శకునికీ ఒక సంవాదం జరుగుతుంది. కపటంతో గెలవడం క్షత్రియధర్మం కాదని ధర్మరాజు అంటే, శకుని ఇచ్చే సమాధానం తేలికైనది కాదు. చదువుకున్నవాడు చదువులేనివాణ్ణి వాదంలో ఓడిస్తే దాన్ని కపటమంటామా? అస్త్రవిద్య నేర్చినవాడు నేర్వనివాణ్ణి గెలిస్తే మోసమంటామా? పాచికల విషయంలోనూ అంతేనన్నది అతని వాదసారాంశం. నేర్పు గెలుపును న్యాయ్యం చేస్తుందన్న సిద్ధాంతానికి మన వాఙ్మయంలో తొలి న్యాయవాది శకునే అనాలి. ధర్మరాజు ఈ వాదానికి జవాబు చెప్పడు. పిలిస్తే వెనుదిరగనన్న తన వ్రతాన్ని చెప్పి ఆటకు కూర్చుంటాడు. జవాబు లేకపోవడాన్ని నేను కథలోని లోపంగా చూడను. ఆ ప్రశ్నను వ్యాసుడు అరణ్య విరాటపర్వాలదాకా వాయిదా వేశాడనుకుంటాను.

ఇక్కడ ఒక ముక్క చెప్పుకోవాలి. శకుని పాచికలు అతని తండ్రి ఎముకలతో చేసినవని, అవి అతని మాట వింటాయని మన జనశ్రుతి. నాటకాలు, సినిమాలు దీన్ని స్థిరపరిచాయి. కథగా ఇది ఎంతో బలమైనదే. కానీ పాచికలలో మాయ ఉందనుకున్న క్షణంలో శకుని వాదం మనకు అక్కరలేకుండా పోతుంది. అతడు మోసగాడు, అంతే. మాయ లేదనుకుంటేనే అసలు చిక్కు. కేవలం నేర్పుతోనే, ఆట నియమాలకు లోబడే, ఒకడు మరొకడి సర్వస్వం తీసుకుంటే అందులో దోషం ఎక్కడుంది?

ఈ ప్రశ్నకు దారి నలోపాఖ్యానంలో ఉంది. బృహదశ్వుడు ధర్మరాజుకు చెప్పిన ఈ కథ నన్నయ తెనిగించిన అరణ్యపర్వభాగంలో ఉండడం వల్ల తెలుగువారికి మరింత పరిచితం. కలి ఆవహించిన నలుడు పుష్కరునితో ఆడి రాజ్యం, ధనం అన్నీ ఓడిపోతాడు. పరిస్థితి గ్రహించిన దమయంతి వార్ష్ణేయుని వెంట బిడ్డలను విదర్భకు పంపేస్తుంది. ఇంకేమీ మిగలని నలునితో పుష్కరుడు, దమయంతిని ఒడ్డమంటాడు. నలుడు ఒడ్డడు. ఒంటిమీది నగలు తీసి, మాటాడకుండా నగరం విడిచి వెళ్లిపోతాడు. కలి పట్టిన మనిషికి కూడా తనది ఏదో, తనది కానిది ఏదో తెలిసిన క్షణం అది. కలి సోకని ధర్మరాజుకు సభలో ఆ ఎరుక కలగలేదు. ఈ పోలికను విమర్శకులు నలుని పక్షాన, ధర్మరాజుకు ప్రతికూలంగా వాడుకోవడం కద్దు. కథ అక్కడితో ఆగితే ఆ తీర్పు సరైనదే.

కథ ఆగదు. ఋతుపర్ణుడు దారిలో తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ చూచి లెక్క చెబుతాడు. పాచికలుగా వాడింది ఆ చెట్టు కాయలనే అన్నది గుర్తుంచుకోదగినది. ఋతుపర్ణుడు నలునికి అక్షహృదయాన్ని ఉపదేశించగానే కలి నలుని శరీరం విడిచి ఆ చెట్టులో చేరతాడు. సంఖ్యాజ్ఞానం వ్యామోహాన్ని వెళ్లగొట్టిందని దీన్ని చదవవచ్చు. నేర్పు పక్షం వారికి ఇంతకంటే మంచి దృష్టాంతం దొరకదు. కానీ ఆ విద్యతో నలుడు తిరిగివచ్చి పుష్కరుణ్ణి మళ్లీ ఆటకు పిలిచినప్పుడు, సంస్కృత మూలంలో, తాను ఆర్జించిన ధనంతోపాటు దమయంతిని కూడా పణంగా చెబుతాడు. వ్యామోహంలో ఒడ్డనిదాన్ని వివేకంలో ఒడ్డాడు. ఎందుకు? ఈసారి ఓడనని తెలుసు గనుక. గెలిచాక పుష్కరుణ్ణి క్షమించి, అతని భాగం అతనికిచ్చి పంపిన ఔదార్యం నలునిదే. ఆ ఔదార్యం మన కళ్లు చెమర్చేలా చేసి, పందెంలో ఏమి ఒడ్డాడో మరపిస్తుంది.

నేర్పు కలిని పోగొడుతుంది, సంకోచాన్నీ పోగొడుతుంది అన్నది ఈ ఘట్టం నుంచి నేను తీసుకునే అర్థం. ఓడిపోగలనన్న భయం ఉన్నవాడు ‘ఇది ఒడ్డవచ్చునా’ అని ఒక్కసారైనా ఆలోచిస్తాడు. నేర్పరికి ఆ ఆలోచన రాదు. తనకు నేర్పుందని అనుకునేవాడికి అసలే రాదు. మూడుముక్కలాటలో ఓడినవాడు విధిని తిట్టుకుని లేచే అవకాశమైనా ఉంది. రమ్మీలో ఓడినవాడు ఆ రాణిని విడవకుండా ఉండవలసింది అనుకుంటాడు. అతని ఓటమి అతనికి పాఠంలా కనబడుతుంది. పాఠం నేర్చినవాడు పరీక్షకు మళ్లీ కూర్చోవాలి గదా! నేర్పు ఉన్న ఆటలో ఆశకు ఒక హేతువు దొరుకుతుంది, హేతువు దొరికిన ఆశను వదిలించుకోవడం కష్టం. మా పరిశోధక మిత్రుల్లో ఫెలోషిప్పు డబ్బు రాగానే ఫోనులో రమ్మీ తెరిచేవారిని చూశాను. వారిలో అదృష్టాన్ని నమ్మినవారు ఒక్కరూ లేరు.

కాసినోలో ఈ భ్రమ కొంత తక్కువ. రూలెట్ చక్రంలో సున్నాతో కలిపి 37 గడులు. సరైన గడిమీద వంద రూపాయలు పెట్టినవానికి 3,500 లాభం వస్తుంది. లెక్క సరిపోవాలంటే 3,600 రావాలి. ఆ ఒక్క గడి తేడా వల్ల ఒడ్డిన ప్రతి వందకూ సగటున 2 రూపాయల 70 పైసలు నిర్వాహకునికి చెందుతాయి. ఇక్కడ శకుని లేడు. ఎవరిమీదా ఎవరికీ పగ లేదు. చక్రం తిప్పే ఉద్యోగి గెలిచినవాణ్ణి అభినందిస్తాడు కూడా. గెలిచేది భాగహారం. ఋతుపర్ణుని విద్య ఇక్కడ ఉన్నది, అయితే అది ఆటగాని వద్ద కాక భవనం వద్ద ఉన్నది. ఈ మాట చెబితే సరదా ఆటగాడు నొచ్చుకోడు. ఆ 2 రూపాయల 70 పైసలే నా వినోదానికి ధర, సినిమా టికెట్టు కొన్నట్టే అంటాడు. ఇది అతని రెండవ వాదం.

పోలిక మొదట సరిగానే తోస్తుంది. తేడా ఏమిటంటే టికెట్టు ధర లోపలికి వెళ్లేముందు తెలుస్తుంది, ఆట ధర బయటికి వచ్చాక తెలుస్తుంది. అందుకే ఆటగాడు తనకు తాను హద్దు పెట్టుకుంటాడు: ఇంతే, ఇంతకు మించి కాదు. ఈ హద్దు ఎంత గట్టిదో చూడడానికి అనుద్యూత ఘట్టం చాలు. మొదటి ద్యూతానికి ధర్మరాజును క్షమించడానికి కారణాలు వెతకవచ్చు. ధృతరాష్ట్రుడు పోయినదంతా తిరిగి ఇచ్చాక, ఇంద్రప్రస్థానికి దారిపట్టినవాడు మళ్లీ వెనక్కి పిలిస్తే ఎందుకు వచ్చాడు? రెండవ ఆటలో పందెం అపరిమితం కాదన్నది మనం తరచు గమనించం. ఒకే ఒక్క పందెం. ఓడినవారికి పన్నెండేళ్ల వనవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం. అంతే. మొదటి ఆటలోలాగా ఒకటి తరువాత ఒకటి ఒడ్డుకుంటూ పోయే ప్రమాదం ఇందులో లేదు. హద్దు పెట్టిన ఆట కాబట్టే అది ఆడదగినదిగా కనిపించింది. పల్నాటి కథలో కోడిపోరు కూడా ఇటువంటిదే. ఓడితే ఇన్నేళ్లు ఊరు విడవాలన్నది స్పష్టమైన, లెక్కకట్టిన పందెం. దాని తరువాత ఏమయిందో కారెంపూడికి తెలుసు.

‘ఒడ్డు’ అన్న క్రియ తెలుగులో చిత్రమైనది. వల ఒడ్డుతాము, చేయి ఒడ్డుతాము, ప్రాణాలొడ్డుతాము, పందెం ఒడ్డుతాము. చివరి రెండింటిలో ఒకటి పొగడ్త, మరొకటి తెగడ్త. రెండింటా మనిషి తనది ముందుకు చాస్తున్నాడు. తేడా ‘తనది’ అన్నచోట ఉంది. సాహసికుని ప్రాణం తనదని ఒప్పుకుందాం. జీతగాని జేబులోని వెయ్యి రూపాయలు పూర్తిగా అతనివేనా? సభలో ద్రౌపది వేయించిన ప్రశ్న, తనను ముందు ఓడాడా నన్ను ముందు ఓడాడా అన్నది, దాస్యశాస్త్రానికి చెందిన సూక్ష్మంగా భీష్ముడికి కనిపించింది. నాకు అది పణం మీద యాజమాన్యాన్ని గురించిన ప్రశ్నగా కనిపిస్తుంది. ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తంలో జూదరి గోడు విన్నవారికి అందులో వినబడేది పాచికల చప్పుడు ఒక్కటే కాదు. భార్య, అత్త, తల్లి కూడా ఉన్నారు. పందెంలో వారి వాటా ఎప్పుడూ ఉంటుంది. సేద్యం కూడా వానతో ఆడే జూదమేనని వాదించేవారికి ఆ సూక్తమే జవాబు. అది పాచికలు వదిలి పొలం దున్నమని చెబుతుంది. రైతు నష్టం మరొకని గెలుపు కాదు, అతని గెలుపు గాదెలో గింజగా కనబడుతుంది.

ఈ దృష్టితో చూస్తే ఇటీవలి చట్టాల కదలిక ఆసక్తికరమైనది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్రచట్టం నేర్పా, అదృష్టమా అన్న భేదం చూడకుండా డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టింది. డబ్బు ఒడ్డని ఆటలను విడిచిపెట్టింది. ఆట స్వభావం నుంచి పణం వైపు చూపు మళ్లింది. ఈ మళ్లింపు సరైనదనే నేను భావిస్తాను. నిషేధం ఎంతమేరకు పనిచేస్తుందన్నది వేరే చర్చ, దానికి సమాజశాస్త్రజ్ఞులున్నారు. మాండోవి ఓడలూ గుర్రప్పందేల మైదానాలూ ఈ చట్టం పరిధికి వెలుపలే ఉన్నాయి. అక్కడ పాత ప్రశ్న పాతగానే ఉంది.

ధర్మరాజు సంగతికి వస్తే, బృహదశ్వుడు నలుని కథ చెప్పి ఊరుకోలేదు, అక్షహృదయాన్ని కూడా ఉపదేశించాడు. అజ్ఞాతవాసానికి వేషం ఎంచుకోవలసివచ్చినప్పుడు సర్వస్వం జూదంలో పోగొట్టుకున్నవాడు జూదరి వేషమే ఎంచుకున్నాడు. తిక్కన తెలుగులో కంకుభట్టు అయిన ఆ మనిషి, వ్యాసుని విరాటపర్వంలో, సభలోని ఆటగాళ్లను దారం కట్టిన పక్షుల్లా ఆడించి, గెలిచిన ధనాన్ని విరటునికి తెలియకుండా తమ్ములకు పంచుతాడు. శకుని వాదానికి సభలో జవాబు చెప్పనివాడు ఇప్పుడు శకుని విద్యతో బతుకుతున్నాడు. తమ్ముల కోసమే కావచ్చు. దారం మాత్రం దారమే. ఉత్తరుడు గెలిచాడన్న వార్త విని పొంగిపోయిన విరటుడు ఆటకు పిలిచినప్పుడు కంకుడు వద్దంటాడు. జూదంలో దోషాలు అనేకమనీ, పాండవుడైన యుధిష్ఠిరుడు రాజ్యాన్నీ తమ్ములనూ పోగొట్టుకున్న సంగతి విన్నావు గదా అనీ చెబుతాడు. తన కథను పరుల కథగా, మూడో మనిషి గురించి చెప్పినట్టు చెబుతాడు. అంతా చెప్పి, అయినా నీకు ఇష్టమైతే ఆడదాం అంటాడు. ఆట సాగుతుండగానే మాటామాటా పెరిగి, విరటుడు చేతిలోని పాచికతో అతని ముఖంమీద కొడతాడు. నెత్తురు నేల రాలకుండా కంకుడు దోసిలి పడతాడు, సైరంధ్రి పాత్ర తీసుకుని వస్తుంది.