అడగకముందే

ధనుర్మాసంలో పెదపాడు వైపు పల్లెల్లో తెల్లారినా మంచు చేల మీదినుంచి లేవదు. ఒక ఇంటి ముందు క్రిస్మస్‌కి కట్టిన నక్షత్రం ఇంకా వేలాడుతుంటుంది, పక్కింటి ముగ్గులో గొబ్బెమ్మలు అప్పటికే కుదురుకుంటాయి. ఆ వేళకి హరిదాసు వస్తాడు. భుజాన తంబురా, చేతిలో చిరతలు, తలమీద అక్షయపాత్ర. ఫలానాది పెట్టమని అడగడు. తిరగడం పూర్తయ్యేదాకా ఆ పాత్ర కిందికి దించడు. చిన్నపిల్ల దోసిట్లో బియ్యం తెస్తే మాత్రం మోకాళ్ళ మీదికి వంగుతాడు, ఆ చేతులు పాత్రకి అందాలి కదా. పుచ్చుకునేవాడు వంగడం లోకంలో మామూలే. ఈయన వంగేది ఆ పిల్లకి ఇవ్వడం అలవాటు కావడానికి.

ఇప్పుడు కొందరు మోటారు సైకిలు మీద వస్తున్నారు, పాట స్పీకరులో వస్తోంది. పోనీ, దోసిలి మారలేదుగా!

సంక్రాంతికి గుమ్మానికో గుడి మండపానికో వరికంకుల కుచ్చు కట్టడం మన వైపు పాత అలవాటు. పిచ్చుకలకని కడతారు. కొల్లేటి పెద్ద పక్షులకి ప్రభుత్వమే ఏర్పాటు చేసింది. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించింది, 2002లో ఆ సరస్సు చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అక్కడి ఆటపాక గూడబాతులకి ఇన్ని కాగితాలున్నాయి. ఊరపిచ్చుకకి ఉన్నదల్లా ఆ కుచ్చే.

ఆ కుచ్చు కట్టడం కూడా ఇదివరకటంత తేలిక కాదు. కొడవళ్ళతో కోసిన రోజుల్లో పనల్లోంచి నాలుగు కంకులు తీసి పక్కన పెట్టడం ఎంతసేపు? చేలో రాలినవి పరిగె ఏరుకునేవాళ్ళకి దక్కేవి. కోతమిషను దిగాక గింజ ఒక పక్కకీ గడ్డి ఒక పక్కకీ పోతోంది, కంకి కంకిగా మిగలడం లేదు. కుచ్చు కట్టాలనుకున్న రైతు మిషను రాకముందే గట్టువారన కాస్త చేను కోసి దాచుకోవాలి. ఒకప్పుడు పని చేస్తుంటే దానంతటదే రాలిపడిన దయ, ఇప్పుడు ముందుగా తలుచుకుంటే తప్ప ఉండదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. పాతకాలపు కళ్ళంలో చాకలికీ మంగలికీ కమ్మరికీ కొలిచిన గింజల్ని చాలామంది పెద్దమనసు లెక్కలో వేసుకున్నారు. అది మేర, ఏడాది పొడుగునా చేసిన పనికి రావలసిన కూలి. బాకీ తీర్చి ఉదారులమనుకోవడం మనకి తెలిసిన జబ్బే. ఇవ్వవలసింది ఇచ్చేశాక, ఇంకా చెయ్యి ఆగకపోతే అక్కడ మొదలవుతుంది దయ.

హరిదాసు అడగడు, పిచ్చుక అడగదు, కనుమనాడు పసుపు కుంకుమ పెట్టించుకునే ఎద్దు అడగదు. అడిగేదాకా ఆగితే అవతలివాడి తల కొంచెం వంగుతుంది, ఇచ్చేవాడి గొంతు కొంచెం లేస్తుంది. ఆ రెండూ జరక్కుండా ఇవ్వడం పండగ నేర్పుతుంది. మనమే ముక్కనుమ దాటగానే మరిచిపోతాం.

అడగనివాళ్ళు పండగపూటా మన చుట్టూ ఉంటారు. అందరూ సొంతూళ్ళకి చేరాలని ఏలూరు బస్టాండులో డ్యూటీలో ఉండిపోయిన కండక్టరు. యజమాని కుటుంబం పండగ చేసుకుంటుంటే చేపల చెరువు గట్టున కాపలా పడుకున్న మనిషి. పిల్లలు ఈ ఏడు కూడా రాలేదని చెప్పుకోలేక గుమ్మంలో కూర్చున్న ఎదురింటి పెద్దావిడ. కండక్టరుకి టికెట్టు డబ్బులతో పాటు ఒక పలకరింపు, కాపలా మనిషికి కాగితంలో చుట్టిన రెండు అరిసెలు, పెద్దావిడ దగ్గర ఓ పావుగంట కూర్చోవడం. మానికలు కొలవక్కర్లేదు, దోసెడు చాలు.

పండగ వెళ్ళిన నాలుగు రోజులకి గుమ్మానికి ఉత్త గడ్డిపోచలు వేలాడుతుంటాయి. తిన్న పిచ్చుక ఏదో ఇంటివాళ్ళకి తెలియదు. కట్టిన చెయ్యి ఎవరిదో పిచ్చుకకీ తెలియదు.