నీటి పవిత్రత, పురుగుల సాక్ష్యం

పవిత్రమైన నీరు మలినమవుతుందా అన్నది ధర్మచింతనలో పాత ప్రశ్న. పాపాలను కడిగే తీర్థానికి మైల అంటదని ఒక విశ్వాసం. అయితే నీటిలో మలమూత్రాలు విడవరాదని, ఉమ్మరాదని మనుస్మృతి నిషేధించింది. నీరు చెడదనుకుంటే ఆ నిషేధానికి అర్థమే ఉండదు. కాబట్టి పవిత్రత నీటికి మహిమను చెబుతూనే మనిషికి బాధ్యతను అప్పగిస్తుంది.

భీమవరంలో ఇది నిత్యజీవితపు ప్రశ్న. పంచారామాల్లో ఒకటైన సోమారామం ఇక్కడి గునుపూడిలో ఉంది. పుష్కరాల్లో జనం మునిగే గోదావరి నీరే ధవళేశ్వరం ఆనకట్ట నుంచి పంటకాలువల్లో వచ్చి డెల్టా పొలాలను తడుపుతుంది. పట్టణం గుండా పోయే యనమదుర్రు డ్రెయిన్‌లోకి ఆ పొలాల నీరు, చేపల చెరువుల నీరు, ఇళ్ల మురుగు చేరుతాయి. కాలువ దగ్గర మొక్కు, డ్రెయిన్ దగ్గర చెత్త అన్న తేడా నీటికి తెలియదు.

నీటి స్థితిని అందులోని పురుగులు చెబుతాయి. చేతివలతో గట్టు గడ్డిని, అడుగు బురదను జాలించి తెల్లని పళ్లెంలో పోస్తే అవి కదులుతూ కనిపిస్తాయి. మేఫ్లై పిల్లపురుగు పొట్టకు రెండు పక్కలా మొప్పలను రెపరెపలాడిస్తుంది. ఆ జాతుల్లో చాలావాటికి ప్రాణవాయువు బాగా కలిసిన నీరు కావాలి. కుట్టని దోమల పిల్లపురుగుల్లో కొన్ని ఎర్రగా ఉంటాయి. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. దాని బలంతో ప్రాణవాయువు తక్కువైన మురుగులోనూ బతుకుతాయి. రసాయన పరీక్ష నమూనా తీసిన ఘడియ సంగతి చెబితే, నెలల తరబడి నీటిలోనే పెరిగే పురుగులు గడిచిన కాలాన్నీ చెబుతాయి. అమెరికాలో ఐజాక్ వాల్టన్ లీగ్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ 1969లో మొదలుపెట్టిన సేవ్ అవర్ స్ట్రీమ్స్ కార్యక్రమం వాగుల పరిశీలనను మామూలు పౌరుల చేతికిచ్చింది.

పురుగును చూసి నీటిని నిర్ణయించడం, పొగను చూసి నిప్పును ఊహించినట్టే, అనుమాన ప్రమాణం. సాధ్యం (రుజువు చేయదలచినది) లేనిచోట కూడా హేతువు (దానికి చూపే గుర్తు) కనిపిస్తే దాన్ని సవ్యభిచారమనే హేత్వాభాసమంటుంది న్యాయదర్శనం. చల్లని కొండవాగుల్లో పెరిగే స్టోన్‌ఫ్లై డెల్టా కాలువలో కనబడలేదని నీరు చెడిందనడం అలాంటి దోషమే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పురుగులు తగ్గినా కారణం కాలుష్యమే కానక్కరలేదు. అందుకే డెల్టా నీటిని డెల్టా నీటితోనే, అదే రుతువులో, పలుమార్లు పోల్చాలి.

పరిశీలన వల్ల హింస జరగదా అన్న సందేహమూ న్యాయమైనదే. పళ్లెంలో నీరు వేడెక్కకముందే లెక్క ముగించి, పురుగులను పట్టిన చోటే వదలడం అందుకు సమాధానం. పంచమహాయజ్ఞాల్లోని భూతయజ్ఞం సకల ప్రాణులకూ గృహస్థు చెల్లించాల్సిన భాగాన్ని గుర్తుచేస్తుంది. నీటిపురుగుకు ఆ భాగం బతకదగిన నీరే. లెక్కతో మాత్రం ఆ రుణం తీరదు. మురుగు ఎక్కడ కలుస్తోందో తెలిశాక దాన్ని ఆపించేందుకు పూనుకోవడం కూడా అదే ధర్మంలో భాగం.