పొయ్యొస్తా అనే మాట

మన ఇళ్ళల్లో ఎవరూ ‘పోతాను’ అనరు, గమనించారా? పాల ప్యాకెట్టు కోసం వీధి చివరి కొట్టుకు వెళ్ళే కుర్రాడు కూడా గడప దాటేముందు ‘వెళ్ళొస్తా’ అనాల్సిందే. పొరపాటున ‘పోతున్నా’ అన్నాడో, వంటింట్లోంచి వాళ్ళమ్మ కేక వినపడుతుంది, ‘ఏం మాటలురా అవి!’ అని. మా చిత్తూరు వైపు దాన్నే ‘పొయ్యొస్తా’ అంటాం. తిరిగి రామని ఖాయంగా తెలిసిన చోట కూడా అంటాం. రైల్లో నాలుగు గంటలు పక్కన కూర్చున్న ఆవిడతో, దిగేటప్పుడు ‘పొయ్యొస్తానండీ’ అంటాం. మళ్ళీ ఎక్కడికి వస్తాం, ఆవిడ ఒళ్ళోకా? అయినా అది అబద్ధమని ఎవరూ పట్టుకోరు. మొన్న మొన్నటిదాకా నేనూ పట్టుకోలేదు.

మొన్న మా అక్క కూతుర్ని బస్సెక్కించడానికి పూతలపట్టు కూడలి దాకా వెళ్ళాను. ఆ చోటు తెలిసిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. చిత్తూరు నుంచి వచ్చే రోడ్డు అక్కడ చీలి, ఒకటి తిరుపతికి, ఇంకొకటి పీలేరు మీదుగా కడప వైపుకీ పోతుంది. పూతలపట్టుకని వచ్చే వాళ్ళకంటే అక్కడ దిగి ఇంకో బస్సు ఎక్కే వాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. మామిడి కాలం. తోతాపురి కాయల లారీలు గుజ్జు ఫ్యాక్టరీల దారి పట్టి ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. మా పిల్ల నర్సు. చేతిలో ఒక పెట్టె, భుజాన ఒక సంచీ, ఆ సంచీలో మూడు నెలలకిచ్చిన ఉద్యోగం కాగితం.

“ఎన్నో ఊరే ఇది నీకు?” అన్నాను నవ్వులాటకి.

“అయిదోది చిన్నమ్మా,” అంది. నవ్వలేదు.

2020లో కరోనా వచ్చినప్పుడు ఆరు నెలలకని తీసుకున్న వాళ్ళలో మా పిల్ల ఒకతి. ఆరు నెలలు ఇంకో ఆరయ్యాయి, ఆ తర్వాత ఇక చాలన్నారు. అప్పట్నించీ ఎవరో ప్రసవం సెలవులో ఉంటే అక్కడ మూడు నెలలు, ఇంకెక్కడో పోస్టు ఖాళీగా ఉంటే అక్కడ నాలుగు నెలలు. అమెరికాలో ఇలాంటి వాళ్ళని ట్రావెల్ నర్సులంటారు. సాధారణంగా పదమూడు వారాలకొక ఊరు. జీతం కూడా ఉన్నచోటే ఉండేవాళ్ళకంటే ఎక్కువే ముడుతుందట. మనవాళ్ళకి అందులో ప్రయాణం ఒక్కటే వచ్చింది.

బస్సు ఆలస్యమైంది కాబట్టి ఆ పిల్ల నోరు విప్పింది. లేకపోతే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు.

అంతకుముందు పనిచేసిన పల్లె ఆసుపత్రికి ఒక అవ్వ వచ్చేది. ఊరి పేరెందుకు లెండి. అవ్వకు చక్కెర జబ్బు, కాలి బొటనవేలి దగ్గర పుండు. చక్కెర ముదిరితే నరాలు మొద్దుబారి, పుండు పడ్డా నొప్పి తెలియదు. నొప్పి లేదు గదా అని మనిషి నిశ్చింతగా ఉంటుంది, లోపల అది తన పని తాను చేసుకుపోతుంది. మా పిల్ల రోజు విడిచి రోజు శుభ్రం చేసి కట్టు కట్టేది. చెప్పులు మార్పించింది. రాత్రి పడుకోబోయే ముందు మనవరాలి చేత పాదం కింద చూపించుకోమని నేర్పింది. అవ్వ పెరట్లో కాసిన అలసందలు తెచ్చిపెట్టేది. పుండు మానుముఖం పట్టింది. ఈలోగా కాగితంలోని తేదీ వచ్చేసింది.

“పొయ్యొస్తా అవ్వా, అన్నాను చిన్నమ్మా. నోటికొచ్చిందే అన్నాను. ‘ఎప్పుడొస్తావు పాపా?’ అనింది. ‘వస్తాలే’ అన్నాను.”

కొత్త నర్సు రావడానికి పదకొండు రోజులు పట్టింది. వచ్చాక అవ్వ ఆసుపత్రికి పోయి, తలుపు దగ్గర్నుంచే తొంగి చూసి, ‘మా పాప కాదే ఈమె’ అని తిరిగి వచ్చేసిందట. ఇంట్లో వాళ్ళు కోప్పడితే, ‘నొప్పేం లేదులే, ఆ పాప వస్తాది, పొయ్యొస్తానని చెప్పి పోయినాది’ అన్నదట. చివరికి పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది.

“నువ్వేం చేస్తావే, ఉద్యోగాలు అట్లా ఏడిస్తే!” అన్నాను. ఎవరైనా అనే మాటే.

“అది కాదు చిన్నమ్మా. నేను విసుక్కుంటూ, మొక్కుబడిగా కట్టు కట్టుంటే అవ్వ రెండో మనిషి దగ్గర కాలు చాపేది. నేను బాగా చేసినందుకే ఆమె వేళ్ళు పోయినాయి.”

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. మూడు నెలలుండే మనిషి మూడు నెలలకు సరిపడా ప్రేమే చూపించాలా? రేపు పోయేవాళ్ళు ఇవాళ మరీ దగ్గర కాకుండా కొలత వేసుకోవాలా? అట్లా కొలత వేసుకునే నర్సు చేతికి మన అమ్మ కాలు అప్పగిస్తామా?

అక్కడికి కాణిపాకం ఎంతో దూరం లేదు. వరసిద్ధి వినాయకుడి ముందు తప్పుడు ప్రమాణం చేయాలంటే మా జిల్లాలో ఎంతటి మొనగాడికైనా కాళ్ళు వణుకుతాయి. అప్పు తీసుకోలేదని బొంకేవాణ్ణీ, తాగుడు మానేశానన్నవాణ్ణీ అక్కడికే రమ్మంటారు. ‘పొయ్యొస్తా’ అని రాని వాళ్ళని మాత్రం ఎవరూ రమ్మన్నట్టు వినలేదు. వినాయకుడు కూడా దాన్ని అబద్ధాల లెక్కలో వేసుకుని ఉండడు. అది వాగ్దానం కాదని చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ ఇద్దరికీ తెలుసు కాబట్టి. చిక్కేమిటంటే, అవ్వకు తెలియదు. పుండున్న మనిషికి ఆ మాట మర్యాదగా వినపడదు, తేదీగా వినపడుతుంది.

పాతకాలంలో ఇలా ఉండేది కాదు, మంత్రసాని ఊళ్ళోనే పుట్టి ఊళ్ళోనే పోయేది అంటారు కొందరు. నిజమే. తల్లికీ కూతురికీ మనవరాలికీ ఆమే పురుడు పోసేది. కానీ బొడ్డు కోసిన కత్తి శుభ్రంగా లేక ఎంతమంది పసివాళ్ళు వారం తిరక్కుండా ధనుర్వాతంతో పోయారో మన అమ్మమ్మల్ని అడగండి. అది ఆగింది ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చి, సైకిలు మీదా కాలినడకనా తిరిగి, గర్భిణులకు సూదులేసి, మళ్ళీ బదిలీ మీద వెళ్ళిపోయిన నర్సమ్మల పుణ్యాన కూడా. పసికందుల ధనుర్వాతం మన దేశంలో అదుపులోకి వచ్చిందని 2015లో ప్రకటించారు. ఆ నర్సమ్మల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? మశూచి టీకాలు వేసినాయన సంగతీ అంతే. దేశంలో చివరి కేసు 1975లో కనిపించింది. యాభై దాటిన చాలామంది భుజం మీద ఆ మచ్చ ఇంకా ఉంది, వేసిన మనిషి ముఖం మాత్రం గుర్తు లేదు. ఆయన ఒక్కసారి వచ్చాడు, గుచ్చాడు, పోయాడు. రెండోసారి రావలసిన అవసరం పెట్టలేదు.

అక్కడే ఉంది తేడా అనిపిస్తుంది నాకు. ఆ జబ్బులకు ఒక్కసారి వచ్చిపోయే మనిషి చాలు. ఇప్పటి జబ్బులు చక్కెర, రక్తపోటు. ఒకసారి వస్తే మనతోనే కాపురం. జబ్బులేమో పర్మనెంటు అయ్యాయి, వాటిని చూసే వాళ్ళేమో టెంపరరీ అయ్యారు!

పోనీ తిరిగే వైద్యం అసలు పనికిరాదా అంటే, మా పక్కనున్న వేలూరే ఉంది. 1900లో ఒక్క పడకతో మొదలుపెట్టిన ఇడా స్కడర్ డాక్టరమ్మ, ఆ తర్వాత గుడియాత్తం రోడ్డు వెంట బండి కట్టుకుని పల్లెల వాళ్ళకు మందులిస్తూ తిరిగేది. జనం చెట్ల కింద కూర్చుని ఎదురు చూసేవాళ్ళు. మన దగ్గర 2008 ప్రాంతాల మొదలైన 104 బండ్లూ నెలకొకసారి ఫలానా రోజు ఫలానా పల్లెకు అని పెట్టుకున్నవే. అందులో వచ్చే డాక్టరు మారవచ్చు, రోజు మారకూడదు. మనిషి ముఖాన్ని కాకుండా తేదీని నమ్ముకునే ఏర్పాటు అది. అవ్వకు దక్కనిది అదే. పదకొండు రోజులు ఆ కుర్చీలో ఎవరూ లేరు.

నర్సులకు డ్యూటీ మారేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పోయే ఆమె, వచ్చే ఆమె ఇద్దరూ మంచం మంచం దగ్గరా నిలబడి, ఈమెకు ఇది ఇచ్చాను, ఈయనకు రాత్రి జ్వరం చూడాలి అని చెప్పుకుంటారు. హ్యాండోవరు అంటుంది మా పిల్ల. మనకు అంతకంటే మంచి మాటే ఉంది, అప్పగింతలు. పెళ్ళయ్యాక కూతురి చేతిని పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెడతామే, అది. ‘మా పిల్లకు కాస్త కోపం ఎక్కువ, పొద్దున్నే లేవలేదు, మీరే చూసుకోవాలి’ అని అందరూ ఏడుస్తూనే చెబుతారు. పిల్ల కూడా ‘పొయ్యొస్తా’ అనే వెళుతుంది. ఆ మాటను ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే చెయ్యి అప్పటికే ఇంకో చేతిలో ఉంది. కానీ అప్పగింతలకు అటు వాళ్ళు కూడా పీటల దగ్గర ఉండాలి కదండీ! ముప్ఫయ్యో తేదీన ఒకరిని పంపించేసి, పై నెల పన్నెండున ఇంకొకరిని పిలిస్తే, మధ్యలో ఆ చెయ్యి ఎవరికివ్వాలి?

ఇదంతా మా పిల్లతో చెప్పాను. కొంత ఓదార్పుకి, కొంత నా తెలివికి నేనే మురిసిపోయి. ఆ పిల్ల అంతా విని, “మనవరాలున్నింది చిన్నమ్మా,” అంది.

“ఏ మనవరాలు?”

“అవ్వ మనవరాలు. తొమ్మిదో తరగతి. కొత్త నర్సు లేకపోతేనేం, ఆ పిల్లను కూర్చోబెట్టి కట్టు విప్పడం, కట్టడం, రంగు మారితే ఎవరి దగ్గరికి పోవాలో చెప్పి ఉండొచ్చు. పాదం చూడమన్నానే గానీ కట్టు ముట్టుకోనివ్వలేదు. నేను కడితేనే బాగుంటాదని అవ్వ అంటా ఉంటే, నాకూ బాగానే ఉండె.”

నేనింక మాట్లాడలేదు. ఎంత ఇంట్లో ఎంత మందిమి, నా చేతి పులుసైతేనే ఆయన తింటారు, నా చేత్తో పెడితేనే పిల్లాడు తింటాడు అని చెప్పుకుని తిరిగాం! మనం రెండు రోజులు పుట్టింటికి పోతే వాళ్ళు పస్తున్నారని విని, పైకి విసుక్కుని లోపల పొంగిపోయాం.

ఇప్పుడు వెళ్ళే చోట మా పిల్ల మొదటి రోజే అందరికీ తన ఆఖరి తేదీ చెప్పేస్తుందట. పోయిన ఊళ్ళో కూడా అట్లాగే చెబితే, ఒక ముసలామె వేళ్ళు మడిచి లెక్క వేసుకుని, ‘అంటే మా చింతపండు కొట్టే లోపల పోతావు. సరే, అంతలోపల మాన్పెయ్’ అన్నదట. పక్కనామె మాత్రం మొహం మాడ్చుకుందట, వచ్చీ రాగానే పోయే మాటేమిటని.

బస్సు వచ్చింది. పెట్టె లోపలికి అందించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. కండక్టరు విజిలు వేశాక ఆ పిల్ల తల బయటికి పెట్టి, ఏదో అనబోయి ఆగి, నవ్వింది.

“దీపావళికి పొయ్యొస్తా చిన్నమ్మా,” అంది, తేదీతో సహా.